కరెంటు ఎక్కడికి పోతోంది

జూన్ 3

నాన్నని చెకప్‌కి తీసుకెళ్ళాల్సిన రోజు. కారు తలుపే తెరుచుకోలేదు. రిమోట్ నొక్కితే చప్పుడు లేదు, లైటు లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తాళం పెడదామంటే కన్నం కూడా కనపడదు ఈ బండికి. పక్కింటి పాల వ్యాన్ అతను వచ్చి, రిమోట్ వెనక చిన్న మీట జరిపి, లోపల్నించి పుల్లంత తాళంచెవి బయటికి లాగాడు. బండి కొన్నప్పట్నించి జేబులో వేసుకు తిరుగుతున్నాను, అందులో తాళంచెవి ఉందని నాకు తెలియదు. తలుపు పిడి చివర ప్లాస్టిక్ మూత ఊడదీస్తే కన్నం ఉంది.

తోసి స్టార్ట్ చేద్దామన్నాను. పిండి మిల్లు దగ్గర్నించి ముగ్గుర్ని పిలుచుకొచ్చాను. అందరం భుజాలు ఆనించి తోశాం. బండి అంగుళం కదల్లేదు.

"గేరు పార్కింగ్‌లో పట్టేసి ఉందన్నా. కరెంటు లేకుండా అది వదలదు. వదిలినా ఇది తోస్తే స్టార్టయ్యే రకం కాదు" అన్నాడు పాల వ్యాన్ అతను. ఆ ముక్క ముందే చెప్పొచ్చు.

"గోడని తోసుంటే కాస్త సున్నమైనా రాలేది" అనుకుంటూ మిల్లు వాళ్ళు వెళ్ళిపోయారు.

చివరికి అతని వ్యాన్‌ని కారుకి ఎదురుగా ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబెట్టి, వైర్లు తగిలించి స్టార్ట్ చేశాం. నాన్న ఇదంతా ముందు గదిలో మంచం మీంచి కిటికీలో చూస్తున్నాడు. "మోటార్లు బాగుచేసేవాడి ఇంట్లో బండికి కరెంటు లేదు. బయట ఎవరికీ చెప్పకు, షాపు మూసుకోవాల్సొస్తుంది" అన్నాడు.

డాక్టరు గారిది పాత మాటే. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆయాసం మొదలవుతుంది, మొదలైతే గంటలోపు ఇక్కడుండాలి. పోయినసారి అంబులెన్సు కోసం ఎదురుచూస్తూనే ఆ గంట పోగొట్టుకున్నాం. ఈ కారు కొన్నది అందుకే. షికార్లకి కాదు.

జూన్ 4

లోపల లైటేదో ఆర్పకుండా వదిలేసి ఉంటాను.

జూన్ 9

మళ్ళీ దిగిపోయింది. షాపుకి బయల్దేరేముందు రోజూ బటన్ నొక్కి చూడడం అలవాటు చేసుకున్నాను కాబట్టి సరిపోయింది. లోపల తెర గుడ్డిగా వెలిగింది, ఎక్కడో టకటకమంది, అంతే.

మళ్ళీ పాల వ్యాన్. ఈసారి వైర్లు నేనే తగిలించాను. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. చిన్నప్పట్నించి ట్రాక్టర్లకి అలాగే పెట్టాం. అతను చూసి ఏదో అన్నాడు. వ్యాన్ ఇంజన్ మోతలో సరిగా వినపడలేదు. కారు స్టార్టయింది.

మా ఆవిడని అడిగాను, ఎందుకిలా దిగిపోతోందంటావు అని. నాన్న దుప్పట్లు ఆరేస్తోంది. "పాతబడిందేమోనండీ" అంది, నా వైపు తిరక్కుండా.

జూన్ 10

నిన్న అతనన్నది వినపడింది. "నల్ల క్లిప్పు బ్యాటరీకి కాదన్నా, ఇంజన్ పక్కనున్న ఆ బోల్టుకి పెట్టాలి. వదినకి తెలుసు" అన్నాడు.

ఆవిడ కారు నాకంటే బాగా నడుపుతుంది. బండితో వచ్చిన పుస్తకం చదివి ఉంటుంది.

జూన్ 12

కొత్త బ్యాటరీ వేయించాను. ఇక గొడవ లేదు.

జూన్ 17

కొత్తది కూడా దిగిపోయింది.

అయితే ఎక్కడో లీకుంది. కాలిన మోటార్లు విప్పి, ఏ చుట్టలో తేడా ఉందో వేలితో తడిమి చెప్పే మనిషిని నేను. కారులో లీకు దొరక్కపోవడమేమిటి. సాయంత్రం షాపు పెందలాడే కట్టేసి వచ్చి షెడ్డులో కూర్చున్నాను. బ్యాటరీకీ వైరుకీ మధ్య మీటరు పెడితే ముల్లు ఎగిరి పడింది. ఇంజన్ ఆగి ఉన్న బండి అంత కరెంటు తాగితే బ్యాటరీ ఎందుకు నిలుస్తుంది. తలుపు బార్లా తీసి, డాష్‌బోర్డు కింద పడుకుని, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి న్యూస్ పేపరు మీద వరసగా పేర్చాను. ఒకటి పీకితే ముల్లు తగ్గుతుంది, ఇంకొకటి పెట్టబోతే పెరుగుతుంది. ఏదీ దారికి రాలేదు.

లోపల్నించి నాన్న గ్లాసుతో మంచం కడ్డీ మీద కొడుతూనే ఉన్నాడు. నీళ్ళకోసారి, పక్కకి తిప్పమని ఓసారి, ఫ్యాను తగ్గించమని ఓసారి, పెంచమని ఓసారి. తుంటి విరిగినప్పట్నించి ఆ గ్లాసే ఆయన గొంతు. కొట్టిన ప్రతిసారీ ఆవిడ చెప్పుల చప్పుడు వంటింట్లోంచి ముందు గదికి, ముందు గదిలోంచి వంటింట్లోకి.

"భోజనానికి రారా" అని షెడ్డు గుమ్మంలోకి వచ్చి అడిగింది. ఫ్యూజుల వంక చూసింది. ఏదో అనబోయినట్టు నిలబడింది. గ్లాసు మోగింది. వెళ్ళిపోయింది.

జూన్ 20

కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను లీకు కొలిచిన పద్ధతి చెబితే నవ్వాడు. కుర్రాడే, కానీ మర్యాదగానే నవ్వాడు.

"తలుపు తీసిపెట్టి కొలిచారా బాబాయ్?"

"తీయకుండా లోపలికెలా వెళ్తాను?"

"అదీ సంగతి. తలుపు తీస్తే చాలు, ఇది మేలుకుంటుంది. లోపలున్న పెట్టెలన్నీ మేలుకుని మీరేమడుగుతారా అని చూస్తుంటాయి. తలుపులేసి, తాళమేసి, చాలాసేపు వదిలేస్తేనే ఒక్కొక్కటీ పడుకుంటుంది. మీరు దాని పక్కనే కూర్చుని, నిద్రపోనివ్వకుండా, ఎందుకు నిద్రపోవట్లేదని అడుగుతున్నారు."

అతను గొళ్ళేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి, బండికి తలుపు వేసినట్టు నమ్మించి, టీ తాగొచ్చాక కొలిచాడు. ముల్లు దాదాపు కదల్లేదు. లీకు లేదు.

"ఎవరైనా లోపల కూర్చుని ఫ్యాను వేసుకుంటున్నారా బాబాయ్? బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే ఇంజన్ రాదు, ఫ్యాను మాత్రం వస్తుంది. అదైతే మాత్రం రెండు మూడు రోజుల్లో పిండేస్తుంది."

మా ఇంట్లో కార్లో కూర్చునేంత తీరిక ఎవరికుందన్నాను.

జూన్ 24

మధ్యాహ్నం మీటరు మర్చిపోయానని ఇంటికొచ్చాను. తీసుకుని వెళ్ళిపోయాను.

జూన్ 25

నిన్న రాయలేదు. రాయాల్సిందేముందిలే అనుకున్నాను.

మీటరు షెడ్డులో ఉంది. కారులో ఆవిడ ఉంది. ముందు సీటు వెనక్కి పూర్తిగా వాల్చి, కొంగు మొహం మీద కప్పుకుని పడుకుంది. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, గోడవైపుది మాత్రం వేలెడంత దించి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. ఆ ఫ్యాను రొదలో ఇంట్లో గ్లాసు మోగినా వినపడదు. ఫోను డాష్‌బోర్డు మీద నిలబెట్టి ఉంది, అలారానికి కాబోలు. చెప్పులు రెండూ కారు బయట, గుడి ముందు విడిచినట్టు, పక్కపక్కన ఉన్నాయి.

నేను గోడకున్న మీటరు తీసుకుని, చప్పుడు కాకుండా బయటికొచ్చాను.

పాల వ్యాన్ అతన్ని అడిగాను. తల గోక్కున్నాడు. "బటన్ నొక్కితే రావట్లేదని రెండు మూడుసార్లు పిలిచింది వదిన. నువ్వొచ్చేలోపు స్టార్ట్ చేసి కాసేపు నడిపేవాళ్ళం. నీకు చెప్పొద్దంది. వైర్లు పెట్టడం కూడా నేర్చుకుందన్నా, ఇప్పుడు నేనుత్త డ్రైవర్‌ని."

లీకు ఎక్కడుందో తెలిసింది. దీనికి మార్గముంది.

జూన్ 26

షాపులో ఛార్జర్ మొదలుపెట్టాను. బజార్లో దొరుకుతాయి, కానీ వాటిలో పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ నాకు తెలుసు, చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు. నేనే చుడుతున్నాను. మంచి రాగి తీగ, పొరపొరకీ కాగితం. నిండగానే దానంతటదే ఆగిపోయేలా పెట్టాలి. లేకపోతే ఈ కొత్త రకం బ్యాటరీ ఉబ్బిపోతుంది.

జూన్ 28

అయింది. రెండుసార్లు వార్నిష్ పెట్టి ఆరబెట్టాను. ఈమధ్య ఇంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు.

షెడ్డులో గోడకి బిగించి, వైరు చివర క్లిప్పులు పెట్టాను. ఎర్రది బ్యాటరీకి, నల్లది బోల్టుకి. రాత్రి భోజనమయ్యాక తగిలించడం, పొద్దున షాపుకి వెళ్ళేముందు తీయడం.

"ఎందుకండీ ఇది?" అంది ఆవిడ.

"లీకు దొరకలేదు. ఇదుంటే దిగదు."

"మంచిదే" అంది.

జూలై 5

బటన్ నొక్కగానే అందుకుంటోంది. రోజూ.

ఆవిడ కళ్ళ కింద నలుపెక్కువైంది. రాత్రి నాన్నని తిప్పి పడుకోబెట్టడానికి ఆవిడే లేస్తుంది. నాకు పొద్దున్నే షాపుంది. మధ్యాహ్నం కాస్త కునుకు దొరుకుతోంది కాబట్టి ఫరవాలేదు.

జూలై 11

గాలివాన. మూల మీద స్తంభం వాలిపోయింది. కరెంటు లేదు.

జూలై 12

వేరే లైన్ల మీద కరెంటు ఎక్కువై వచ్చిందట. షాపు ముందు కాలిన మోటార్లు కుప్పలు. రైతులు అరుగు మీదే కూర్చున్నారు, నాది ముందంటే నాది ముందని. ఇంటికొచ్చేసరికి ఊరు సద్దుమణిగింది.

జూలై 14

మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. ఛార్జర్ ఆగే ఉంది. పొద్దున బటన్ నొక్కి చూసే తీరిక కూడా లేదు.

జూలై 15

ఆస్పత్రి.

జూలై 16

నాన్న బతికాడు. మొహానికి గొట్టం పెట్టారు. నీరు తీశారు. నన్ను గుర్తుపట్టి, కళ్ళతోనే, నువ్వెందుకొచ్చావ్ అన్నట్టు చూశాడు.

జరిగింది పాల వ్యాన్ అతను చెప్పాడు. ఆవిడ ఒక్కసారే, తలుపు బాదకుండా, పేరు పెట్టి పిలిచిందట. వ్యాన్ తెచ్చేసరికి కారు బానెట్ ఎత్తి, వైర్లు చేతిలో పట్టుకుని ఉంది. ఎర్రది కారుకి, ఎర్రది వ్యాన్‌కి, నల్లది వ్యాన్‌కి, ఆఖరున నల్లది ఇంజన్ పక్క బోల్టుకి. "ఒక్క క్లిప్పూ తప్పు పెట్టలేదన్నా. వెంటనే స్టార్ట్ చేద్దాం వదినా అంటే, ఆగు, కాస్త ఎక్కనీ, తొందరపడితే రెండోసారి పట్టదు అంది. లోపల మీ నాన్న ఈల వేసినట్టు ఊపిరి లాగుతున్నాడు. ఆవిడ వాచీ చూసుకుంటూ నిలబడింది." తర్వాత ఇద్దరూ నాన్నని దుప్పట్లో ఎత్తి వెనక సీట్లో వేశారు. ఆవిడే నడిపింది. దారిలో ఎక్కడా ఇంజన్ ఆగనివ్వలేదు.

గంటలోపే చేర్చింది. ఇంకాస్త ఆలస్యమైతే మాట వేరే ఉండేదన్నారు డాక్టరు గారు.

నాకు ఫోను ఆస్పత్రి చేరాకే చేసింది. నేను వెళ్ళేసరికి వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. పక్కన కూర్చున్నాను.

"నేను కార్లో పడుకుని ఉన్నానండీ" అంది. "అలారం మోగి లేచి లోపలికెళ్ళేసరికి మామయ్య పెదాలు నీలంగా ఉన్నాయి. ఎప్పట్నించి అలా ఉన్నారో తెలీదు."

"తెలుసు" అన్నాను.

"ఏం తెలుసు?"

"కార్లో పడుకుంటావని."

నా వైపు తిరిగింది. "ఎప్పట్నించి తెలుసు?"

"మీటరు కోసం వచ్చినప్పుడు చూశాను."

"ఛార్జర్ చేయకముందా, తర్వాతా?"

"ముందు."

ఆలోచించుకుంది. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పేవాడిని. మామూలుగా, కూరగాయలు లెక్కచూసుకున్నట్టు అంది. "అంటే, నేనక్కడ అలా పడుకుని ఉండడం చూసి, మీరు వెళ్ళి బ్యాటరీకి వైరు తగిలించారు."

నర్సు పిలిచింది. ఆవిడే లేచి వెళ్ళింది.

జూలై 17

నిద్ర పట్టలేదు. ఆ మాటకి జవాబు వెతుకుతున్నాను. బ్యాటరీ దిగితే నాన్నకి ప్రమాదం కదా, అందుకే చేశాను. ఇది నిజమే.

జవాబు కాదు.

జూలై 18

నాన్నకి గొట్టం తీసేశారు. మాట వచ్చింది. మొదటి మాట, ఆస్పత్రి మంచం మెత్తగా లేదని.

"ఆయాసం మొదలవగానే గ్లాసు కొట్టొచ్చు కదా నాన్నా" అన్నాను.

"పడుకుంది కదా."

"నీకు తెలుసా?"

"నాకు పోయింది తుంటి. చెవులు కాదు. మధ్యాహ్నం కారు తలుపు టప్పుమంటుంది, అది పడుకోడానికెళ్ళిందన్నమాట. మళ్ళీ టప్పుమనేదాకా గ్లాసు జోలికి పోను. ఎంత దాహమేసినా పోను. ఆవేళ కాస్త ఎగపోత మొదలైంది. తగ్గుతుందిలే, నిద్ర చెడగొట్టడమెందుకని ఊరుకున్నా. తగ్గలేదు. తర్వాత కొడదామంటే చెయ్యి లేవలేదు."

"మరి కార్లో పడుకుంటోందని నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే ఏం చేసేవాడివిరా? తలుపు చప్పుడు కాకుండా నూనె రాసేవాడివి."

పక్క మంచం మనిషి నవ్వాడు. నేను నాన్నకి నీళ్ళు పట్టాను. నాన్న గడ్డం మీద కారిన నీళ్ళు తుడవాలని నాకు తోచలేదు. ఆవిడ వచ్చి తుడిచింది.

జూలై 21

నాన్నని ఇంటికి తెచ్చాం. మందులు పెంచారు. కొన్నాళ్ళు భయం లేదన్నారు, కానీ గంట మాట అలాగే ఉంది.

షాపు పొద్దుటి పూటకే. వైండింగ్ బల్ల తెచ్చి ముందు గదిలో నాన్న మంచం పక్కన వేశాను. మధ్యాహ్నం నించి పని ఇక్కడే. నాన్న వార్నిష్ కంపంటాడు. మోటార్ల వాళ్ళు ఇంటికొచ్చి, ఆయన్ని పలకరించి, ఆయన దగ్గర షాపు సంగతులన్నీ చెప్పి పోతున్నారు. ఎవరి మోటారు ముందు ఇవ్వాలో ఇప్పుడు ఆయన తేలుస్తున్నాడు.

ఆవిడ వెనక గదిలో మంచం మీద పడుకుంది. తలుపేసుకోమన్నాను. వేసుకుంది. అయినా గ్లాసు మోగిన ప్రతిసారీ లేచి వచ్చింది. "నేనున్నాను కదా" అంటే, "కాళ్ళు వాటంతటవే వస్తున్నాయండీ" అంది.

జూలై 23

"అక్క దగ్గరికి వెళ్ళొస్తాను" అంది పొద్దున.

"ఎన్నాళ్ళు?"

"తెలీదు. కారు నేను తీసుకెళ్తాను."

నేను నాన్న వంక చూశాను. ఆయన గోడ వంక చూస్తున్నాడు. "వెళ్ళమ్మా. వీడు నన్ను చంపేస్తే కబురు చేస్తాను" అన్నాడు.

కారు వెళ్ళిపోతే గంటలోపు ఎలా అన్నది నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. పాల వ్యాన్ అతని దగ్గరికి వెళ్ళాను. పొద్దున ట్రిప్పు తప్ప మిగతా వేళల్లో వ్యాన్ మా గుమ్మం ముందే పెడతానన్నాడు. పొద్దున ట్రిప్పు వేళకి మిల్లు యజమాని జీపు అడిగాను. సరేనన్నాడు. ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎందుకు చేయలేదో నాకు తెలియదు.

వెళ్ళేముందు నాన్న మందులు ఏది ఎప్పుడో చెప్పింది. రాత్రి ఎటు తిప్పాక ఎటు తిప్పాలో చెప్పింది. రెండోసారి చెప్పమన్నాను. చెప్పింది. నడుము దగ్గర చర్మం ఎర్రబడితే చూసుకోమంది.

కారు ఒక్క నొక్కుకి స్టార్టయింది.

జూలై 24

రాత్రి నాన్న ఎన్నిసార్లు లేపాడో. షాపు తీయలేదు. పొద్దున ఇంట్లో తీగ చుడుతూ బల్ల మీదే తల వాల్చేశాను.

జూలై 25

దుప్పట్లు ఇంత బరువుంటాయా తడిస్తే.

జూలై 26

నాన్నతో పోట్లాడాను. ఎడమకి తిప్పితే కుడికంటాడు, కుడికి తిప్పితే నువ్వు నన్ను పిండి బస్తా అనుకుంటున్నావంటాడు. నేను గట్టిగా అరిచాను. ఆవిడ అరవడం నేనెప్పుడూ వినలేదు. అది ఓర్పు అనుకునేవాడిని. అరిచి, తర్వాత ఆ మొహం చూస్తూ అన్నం పెట్టడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది. అందుకే అరిచి ఉండదు.

సాయంత్రం పడిన చోటే, నేల మీద, నిద్రపోయాను. ఎవరు లేపారో, దేనికో గుర్తులేదు.

జూలై 28

ఆవిడ ఫోను చేసింది. వెళ్ళినప్పట్నించి ఇదే మొదలు. గొంతు వేరేగా ఉంది, ముక్కు దిబ్బడ వదిలినట్టు.

"మామయ్య ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాడు. నన్ను తిడుతున్నాడు."

"నడుము దగ్గర చూస్తున్నారా?"

"చూస్తున్నాను. ఎర్రగా లేదు."

"ఇక్కడ రెండు రోజులు లేవలేదండీ నేను. అక్క భయపడి డాక్టర్ని పిలిచింది. ఆయన చూసి, జబ్బేం లేదు, పడుకోనివ్వండి అన్నాడు. మీరు ఎలా ఉన్నారు?"

బాగున్నానన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

"ఎల్లుండి వచ్చేస్తానండీ."

రా అనబోయాను. ఎల్లుండి అన్న మాట వినగానే నా వీపు నొప్పి సగం తగ్గినట్టయింది. కారు కూడా వస్తుంది, గంట భయం పోతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో లెక్కేసుకున్నాను. ఆ క్షణంలోనే, ఆవిడ ఇక్కడికొచ్చి చెప్పులు విడవక ముందే నేను షాపుకి ఎలా వెళ్ళిపోతానో కూడా కనపడింది.

"ఇంకో వారం ఉండి రా" అన్నాను.

"నిజంగానే అంటున్నారా?" అంది.

"నిజంగానే."

"సరే" అంది. మెల్లగా, తొందరపడితే నేను మాట మార్చేస్తానేమో అన్నట్టు.

పెట్టేశాక భయమేసింది. వారం. తిరిగి చేసి, పోనీ నాలుగు రోజులు చాలు అందామని ఫోను చేతిలోకి తీసుకున్నాను. నాన్న చూస్తున్నాడు. ఫోను బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఆయన భుజం కింద చెయ్యి వేశాను. ఎడమకి తిప్పే వేళ.